పాతితే మొలిచేవి

ఊరి నుంచి,
4 అక్టోబరు 2024

ఉస్మాన్ అన్నయ్యకు,

నజ్మీన్ సలాం. అమ్మ ఈ కాగితం మీద చెయ్యి పెట్టి మరీ దువా పంపుతోంది. కింద ఉన్న పసుపు మరక దానిదే.

ములాఖత్‌కి రావద్దన్నావు. జైలు గేటు ముందు చెల్లెలు లైనులో నిలబడితే తల కొట్టేసినట్టుంటుందన్నావట. అన్న మనిషిని నరికితే కొట్టెయ్యని తల చెల్లెలు లైనులో నిలబడితే ఎందుకు కొట్టేస్తుందో నాకు అర్థం కాలేదు. సరే, నీ మాటే కానీ. ఫోన్లో మాట్లాడనిచ్చే ఆ కాసేపూ అమ్మ ఏడుపుకే చాలదు కాబట్టి ఇక నుంచి ఉత్తరాలే రాస్తాను.

పత్తి చేను దున్నించేశాను. ఆ వంకర ఆకుల్ని చూడలేకపోయాను. శనగ వేద్దామంటోంది అమ్మ. పోయిన వారం మన గేదె తోక కోసేశారు. రక్తం ఓడుతూ ఇంటికొచ్చింది. ఎవరి పనో ఊరందరికీ తెలుసు. అయూబ్ అన్న తమ్ముడు బుడే మన వాకిలి ముందు నుంచి కొడవలి ఊపుకుంటూ పోతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి వాడి కళ్ళలోకే చూశాను. అమ్మ నన్ను జుట్టు పట్టి లోపలికి లాగింది.

నా పని సంగతి. ఈ నెల అంగన్‌వాడీలో పాఠం, మొక్క ఎలా పెరుగుతుంది. సూపర్‌వైజర్ మేడం ఛార్టు ఇచ్చింది. పత్తి చేల మధ్య పుట్టిన పిల్లలకి ఛార్టులో పొద్దుతిరుగుడు పువ్వు! దాన్ని గోడకి తగిలించి, మనం నిజం గింజలే వేద్దామర్రా అని చెప్పాను. ఏం గింజలు వేయించను? రైతువి కదా, చెప్పు. సెంటర్ దొడ్లో వయ్యారిభామ కలుపు మళ్ళీ లేస్తోంది. పిల్లలకి దద్దుర్లొస్తున్నాయని నేను అనగానే, ఆగస్టులో నీ పని మానుకొని వచ్చి గడ్డిమందు కొట్టి చంపావు. ఆ మనిషివీ నువ్వే, ఈ మనిషివీ నువ్వే. మొక్కై వంగనిది మానై వంగునా అని అమ్మ నిన్ను తలుచుకున్నప్పుడల్లా అంటుంది.

ఇంకో మాట. కోప్పడకు. అయూబ్ అన్న కూతురు నగ్మా నా సెంటర్‌కే వస్తోంది. ఊళ్ళో ఉన్నది ఒకటే సెంటరు. వాళ్ళమ్మ గుమ్మం బయటే నిలబడి, నా మొహం చూడకుండా పిల్లని లోపలికి తోసి వెళ్ళిపోయింది.

కోపం వస్తే నీకంటే ఒక పిడికెడు ఎక్కువే వచ్చే,
నీ నజ్మీన్

*

గుంటూరు జైలు,
13 అక్టోబరు

చెల్లికి అన్న దువా.

ఆ పిల్లని తీసెయ్. పొమ్మను. పెదనాన్న మనవరాలు, మన రక్తం అని కబుర్లు రాయకు. వాడు పెదనాన్న కొడుకని తెలిసే నరికాను.

నువ్వు మర్చిపోయినట్టున్నావు, నేను గుర్తు చేస్తాను. మన పత్తి మోకాలెత్తు ఉంది. గట్టవతల అయూబ్ గాడి మొక్కజొన్న. వాడు ట్యాంకు వీపున వేసుకుని మందు కొడుతుంటే నా కళ్ళతో చూశాను. ఏం మందురా అంటే కత్తెర పురుగుకి అన్నాడు. వారం తిరక్కుండా మన ఆకులన్నీ బెండాకుల్లా చీలి, సన్నగా సాగి, మెలికపడిపోయాయి. గడ్డిమందు గాలి తగిలితే పత్తి అలా అవుతుందని మన ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. అన్నదమ్ముడే కదా, అడుగుదామని వెళ్ళాను. వాడు నవ్వాడు. "ముందు నీ ట్యాంకు చూసుకోరా" అన్నాడు. నా చేను చచ్చిపోయి పడుంటే నవ్వాడు! గట్టు మీద తుమ్మకొమ్మలు కొడుతున్న గొడ్డలి, వాడిదే, లాక్కున్నాను. మందు కొట్టిన చెయ్యే నరికాను. మొదటి దెబ్బ ఎముక దగ్గర ఆగింది. మళ్ళీ ఎత్తాను.

నాకు విచారం లేదు. వాడికి ఇంకో చెయ్యి మిగిలింది, అదీ గుర్తుంది. గేదె తోక కూడా దాంట్లోనే కలిపాను. ఇక్కడ ఉత్తరాలు విప్పి చదువుతారంటారు. చదవనీ.

గింజల సంగతి. అటక మీద చిన్న పొట్లాలున్నాయి. బీటీ ప్యాకెట్‌తో పాటు మామూలు పత్తి గింజలు కాసిని ఇస్తారు, చేను చుట్టూ వేయమని. ఎవడూ వేయడు. అవి ఇవ్వు పిల్లలకి. మందు పూసి ఎర్రగా ఉంటాయి. నువ్వే బాగా కడిగి ఆరబెట్టు, వాళ్ళ చేతులు నోట్లో పెట్టనివ్వకు. ప్లాస్టిక్ గ్లాసుల్లో వేయించు. ఉట్టి రేగడి పోయకు, గ్లాసులో రాయిలా బిగుస్తుంది. పశువుల ఎరువు కలుపు. అడుగున మేకుతో చిల్లి పెట్టు. గింజ వేలి గణుపు లోతు, అంతకంటే వద్దు. మొలక బయటికొచ్చేటప్పుడు గింజ తొక్క టోపీలా పెట్టుకొస్తుంది. పిల్లలకి నవ్వొస్తుంది, చూడు.

వాడి కూతురికి మాత్రం గింజ ఇవ్వకు.

ఉస్మాన్

*

ఊరి నుంచి,
27 అక్టోబరు

అన్నయ్యా,

సలాం. అందరికీ ఇచ్చాను. నగ్మాకీ ఇచ్చాను. నా సెంటర్లో నా మాటే చెల్లుతుంది, నీ మాట నీ బ్యారక్‌లో చెల్లించుకో.

గింజలు నువ్వు చెప్పినట్టే కడిగాను. ఆయా రెబ్కా ఎరువు జల్లెడ పట్టింది. టోపీ పెట్టుకుని మొలకలొచ్చాయి. ఎంత నవ్వారో పిల్లలు! చైతన్యకృష్ణ అని ఒక మహానుభావుడున్నాడు, రోజూ గింజ తవ్వి, పెరిగిందో లేదో చూసి మళ్ళీ పాతేవాడు. వాడికి ఇంకో గింజ ఇచ్చి గ్లాసు కిటికీ పైన పెట్టాల్సొచ్చింది.

నగ్మా సంగతి చెప్పాలి. ఆ పిల్ల కొడుతుంది. పలకతో రెబ్కా మోకాలు పగలగొట్టింది. పక్కవాడి మొలకని గోటితో తుంచి నా మొహం వంక చూసింది, తిడతానా కొడతానా అని. నాకు చెయ్యి లేచింది అన్నయ్యా, నిజం చెప్తున్నా. లేచిన చెయ్యి చూసి అది కళ్ళు మూసుకోలేదు, తన రెండు చేతులూ వీపు వెనక్కి దాచుకుంది. నేను వంటగదిలోకి పోయి ఏడ్చాను.

గుడ్డు పెడితే సగం తిని సగం గౌను జేబులో పెట్టుకుంటుంది. ఎందుకే అంటే, "మా నాన్న ఎడమచేత్తో తినడు. నేనే పెడతా" అంది.

మా పిల్లలు దొడ్లో ఒక ఆట ఆడుతున్నారు. ఒకడు కింద పడుకుని చెయ్యి చాపుతాడు. ఇంకొకరు కర్ర పట్టుకుని "ట్యాంకు చూసుకోమంటావురా" అని అరుస్తూ కొడతారు. ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పుకునేదే వాళ్ళకి ఆట అయింది. కర్ర పట్టుకునేది రోజూ నగ్మానే. ఇంకొకరు అడిగితే రక్కుతుంది. ఒసేయ్, నువ్వెందుకే ఆ వేషం వేస్తావు అంటే ఏమందో తెలుసా? "నేను ఉస్మాన్ బాబాయిని. ఉస్మాన్ బాబాయికి రెండు చేతులున్నాయి" అంది. కర్ర లాక్కుని పొయ్యిలో పెట్టాను. మర్నాడు ఇంకోటి తెచ్చుకున్నారు.

పాఠం మాత్రం అందరికంటే అదే శ్రద్ధగా విన్నది. "మట్టిలో పాతి నీళ్ళు పోస్తే మొలుస్తుందా అత్తా?" అని అడిగింది. మొలుస్తుందన్నాను. "రోజూ పోయాలా?" రోజూ పోయాలన్నాను. దాని గ్లాసు అందరికంటే ఏపుగా ఉంది. ఎవరూ ముట్టుకోకుండా చీకటి మూలలో దాచి, మళ్ళీ ఎండ కావాలని నేనంటే ఎండలోకి తెస్తుంది.

ఇప్పుడు ఆకుల అడుగున పేనుబంక పడుతోంది. ఏం చేయాలి?

నీ చెల్లి

*

గుంటూరు జైలు,
31 అక్టోబరు

నజ్మీన్,

ఆ ఆట మాన్పించు. టీచర్‌వి, ఆ మాత్రం చేతకాదా?

నీ ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి పెట్టాను. పిల్లల మాటలు పట్టించుకుంటే బతకలేం. వాళ్ళ నాన్న బుద్ధిగా ఉండుంటే ఆ పిల్ల ఆ వేషం వేయాల్సిన పనే లేదు. నన్ను మెత్తబరచడానికి అవన్నీ రాస్తున్నావని నాకు తెలుసు. నేను మెత్తబడను.

పేనుబంకకి గట్టి మందులు వద్దు, పిల్లలు తిరిగే చోటు. వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి కొట్టు. మన ట్యాంకు కొట్టంలో దూలానికి వేలాడుతోంది. పత్తికి కొట్టి అక్కడ తగిలించాక మళ్ళీ ఎవరూ ముట్టలేదు. పిల్లలు ఇళ్ళకి పోయాక దాంతో ఆకుల అడుగున తడిసేలా కొట్టు.

వకీలు బెయిలు సంగతి చూస్తున్నాడు. వచ్చే నెలలో బయటికొస్తాను. ఒకటి మిగిలింది అన్నాను కదా. మాట మాటే.

ఉస్మాన్

*

ఊరి నుంచి,
12 నవంబరు

ఉస్మాన్ గారికి,

నమస్కారమండి. నేను సెంటర్ ఆయా రెబ్కాని. నజ్మీన్ టీచర్ గారు చెబుతుంటే నేను రాస్తున్నాను. టీచర్ గారు సత్తెనపల్లిలో బస్సు దిగుతూ పడ్డారు. కుడి మణికట్టు విరిగింది, కట్టు కట్టారు. మీరు కంగారు పడొద్దని చెప్పమన్నారు.

మొక్కలకి మీరు చెప్పినట్టే కొట్టారటండి. కానీ మొక్కలన్నీ పాడైపోయాయండి. సెంటరు కొన్నాళ్ళు తెరవడం లేదు. మిగతాది చెయ్యి బాగయ్యాక తనే రాస్తారట. అమ్మగారు బాగున్నారు, గేదె పుండు మానుతోంది.

బెయిలు వస్తే వెంటనే ఊరికి రావద్దనీ, పొన్నూరులో మీ పిన్ని గారింటికి పొమ్మనీ చెప్పమన్నారు. ఎందుకో నేను అడగలేదండి.

రెబ్కా

*

గుంటూరు జైలు,
18 నవంబరు

నజ్మీన్,

బస్సు దిగుతూ పడ్డావా? నాతోనే అబద్ధమా?

నిన్న అన్వర్ ములాఖత్‌కి వచ్చాడు. వాడు నా స్నేహితుడు, నా దగ్గర ఏదీ దాచడు. బుడే సెంటర్లోకి వచ్చి, పిల్లల ముందు నిన్ను దుడ్డుకర్రతో కొట్టాడట. అడ్డం పెట్టిన చెయ్యి విరగ్గొట్టాడట. పిల్లల గ్లాసులన్నీ తన్ని, తొక్కి, మట్టి చేసి పోయాడట. నా చెల్లెలివైనందుకే కదా? అయూబ్ గాడే పంపుంటాడు. తనకి చెయ్యి లేదు కాబట్టి తమ్ముడి చెయ్యి వాడాడు.

నేను ఇక్కడ ఊచలు పట్టుకుని అరిచాను. నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదు. బెయిలు వచ్చింది. జామీనుదార్లని అన్వర్ పోగు చేస్తున్నాడు. పొన్నూరు పోను. తిన్నగా ఊళ్ళోకే వస్తాను. అన్వర్‌ని గొడ్డలి సాన పట్టించి ఉంచమన్నాను. ఈసారి ఇద్దరు. చేతులతో ఆపను.

నువ్వూ అమ్మా పొన్నూరు పోండి. నేను వచ్చేటప్పటికి ఇంట్లో ఆడవాళ్ళెవరూ ఉండకూడదు.

ఉస్మాన్

*

ఊరి నుంచి,
21 నవంబరు

అన్నయ్యా,

ఇది నా ఎడమచేతి రాత. అక్షరాలు తాగినవాడిలా పడుతున్నాయి, ఓపికగా చదువు. మధ్యలో చింపెయ్యకు. చింపినా ఏరుకుని చదువు.

నిజం దాచాను. నువ్వు ఇలాగే అరుస్తావనే దాచాను. ఇప్పుడు అంతా చెప్తాను.

నగ్మా దీపావళి సెలవులకి ముందే తన గ్లాసు ఇంటికి పట్టుకుపోయింది. ఇవ్వనంటే నా చెయ్యి కొరికింది, పోనీలే అని వదిలేశాను. నువ్వు నరికిన చెయ్యి, ఆస్పత్రి వాళ్ళు గుడ్డలో చుట్టి ఇస్తే పెదనాన్న మన ఆచారం ప్రకారం ఖబరస్తాన్‌లో ఒక మూల పాతాడు. అప్పుడు నగ్మా ఆయన చంకలో ఉందట. పాతి నీళ్ళు పోస్తే మొలుస్తుందని నేను పాఠం చెప్పాను. ఆ పిల్ల రోజూ ఖబరస్తాన్‌కి పోయి వాళ్ళ నాన్న చేతికి నీళ్ళు పోస్తోంది. ఎంతకీ మొలవకపోతే, చెయ్యికి దారి తెలియడం లేదేమోనని, తన పత్తి మొక్కని తీసుకెళ్ళి దాని పక్కనే నాటింది.

బుడే ఒకరోజు పట్టుకున్నాడు. ఏం చేస్తున్నావే అంటే, "నాన్న చెయ్యి మొలుస్తుంది, నజ్మీనత్త చెప్పింది" అందట. వాడికి ఎలా ఉంటుందో ఆలోచించు. మనం చెయ్యి నరికి, పైగా దాన్ని పిల్లలకి ఆటబొమ్మ చేసి నవ్వుకుంటున్నామనుకున్నాడు. కర్ర పట్టుకుని తిన్నగా సెంటర్‌కి వచ్చాడు. మాట లేదు, పలుకు లేదు. గ్లాసులు తన్నాడు. అడ్డం పోయాను. చెయ్యి విరిగిన చప్పుడు నాకే వినిపించింది. చైతన్యకృష్ణ నిలబడ్డచోటే లాగు తడుపుకున్నాడు. రెబ్కా పిల్లల్ని వంటగదిలోకి తోసి తలుపేసింది. నగ్మా మాత్రం పోలేదు. వెనక నుంచి వచ్చి బుడే పిక్క కరిచి పట్టుకుని వేలాడింది. వాడు విదిలించి కొడితే గోడకి తగిలి పడింది, అయినా మళ్ళీ లేచి కరిచింది. అప్పుడు వాడు కర్ర పారేసి ఏడుస్తూ పోయాడు. అయూబ్ అన్న పంపలేదు. ఆయనకి తెలియనే తెలియదు.

ఇక అసలు సంగతి.

బుడే పోయాక నేను నేల మీదే కూర్చున్నాను. చుట్టూ తొక్కిన మొక్కలు. వేపనూనె కొట్టిన తర్వాత అవి అదోలా అవుతున్నాయని అంతకు ముందే అనుకున్నాను గానీ, సెంటర్లో ఎండ చాలలేదేమో అనుకున్నాను. అప్పుడు ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఆకు బెండాకులా చీలి, సన్నగా సాగి ఉంది. కాండం మెలికపడి ఉంది. మన చేలో చూశానే, దున్నించేశానే, అదే ఆకు అన్నయ్యా.

నా సెంటర్లో నాలుగు గోడల మధ్య, తలుపులు వేసిన గదిలో. అయూబ్ అన్న ఒంటిచేత్తో వచ్చి పిల్లల గ్లాసుల్లో గడ్డిమందు కొట్టాడా?

చెయ్యికి కట్టు కట్టించుకుని, మర్నాడు ఖబరస్తాన్‌కి పోయాను. నగ్మా మొక్క అక్కడుంది. అవే గింజలు, అదే మట్టి. దానికి మన ట్యాంకు తగల్లేదు. ఆకులు అరచేతుల్లా వెడల్పుగా, పచ్చగా ఉన్నాయి.

అయూబ్ అన్న అక్కడే నిలబడి ఉన్నాడు. చొక్కా చెయ్యి గాలికి ఊగుతోంది. "మొలిచింది చూశావా నజ్మీన్" అన్నాడు. నేను తెచ్చిన వంకర ఆకు చూపించాను. ఎడమచేత్తో అందుకుని తిప్పి చూశాడు. "ఆరోజే చెప్పానమ్మా. వయ్యారిభామకి గడ్డిమందు కొట్టిన ట్యాంకుతోనే పత్తికి కొట్టడం నేను గట్టు మీద నుంచి చూశాను. వాడు వినలా" అన్నాడు. నువ్వు ఆ మందు కొట్టింది నా పిల్లల కోసం, నేను అడిగితే. నేను ఏడ్చాను. ఏం చేయమంటావన్నా అని అడిగాను. "ఏం చేస్తావు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నాకు ఇంత నొప్పి ఉండేది కాదు.

నగ్మా చెంబు నీళ్ళు తెచ్చి పోసి, "ఇంకా ఎన్ని పోయాలత్తా?" అని అడిగింది. నాలుగేళ్ళ పిల్లకి పాఠం చెప్పలేని టీచర్‌ని నేను.

నువ్వు వస్తే రా. గొడ్డలి తీసుకునే రా. కానీ వచ్చేముందు ఒక్కదానికి జవాబు రాయి. అల్లా మీద ఒట్టు, అమ్మ మీద ఒట్టు. ఆరోజు ట్యాంకు కడిగావా?

నజ్మీన్

*

గుంటూరు జైలు,
28 నవంబరు

చెల్లీ,

కడగలేదు.

ఒక చెంబు నీళ్ళు పోసి, తొణికించి పారబోశాను. పత్తికి కొట్టేటప్పుడు వాసన కూడా వచ్చింది. చీకటి పడుతోంది, పని తెమలాలి అనుకున్నాను. అంతే.

నీ ఉత్తరం చింపేశాను. ఏమైందన్నా అని అడిగిన పాపానికి పక్కవాడి ముక్కు పగలగొట్టాను. నువ్వు అన్నట్టే ముక్కలు ఏరుకుని మళ్ళీ చదివాను. నువ్వు అబద్ధం రాశావని ఎలాగైనా అనుకుందామని చూశాను. ఆ వాసన నా ముక్కులో ఉంటే ఎలా అనుకోను?

ఇంకో మాట. వాడు నవ్వాడని రాశాను. రోజూ ఆ నవ్వు తలుచుకునే నిద్రపోయాను. ఇప్పుడు మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకుంటుంటే అది నవ్వు కాదు. అన్నదమ్ముడు తెలియక చేసిన పనికి బాధపడుతూ, ఎలా చెప్పాలో తెలియక పళ్ళు కనబడేలా పెట్టిన మొహం అది. నేను రెండోసారి గొడ్డలి ఎత్తినప్పుడు కూడా "ట్యాంకురా, ట్యాంకు" అన్నాడు. నన్ను ఆపడానికి కాదు, నాకు చెప్పడానికి. నరుకుతున్నవాడికి కూడా చెప్పాడు.

అన్వర్ జామీనుదార్లని తీసుకొచ్చాడు. వెనక్కి పంపేశాను. నాకు పిచ్చిపట్టిందని అన్వర్ నీకు చెప్తాడు. చెప్పనీ. నేను ఇప్పుడు బయటికి రాకూడదు. ఇన్నాళ్ళూ నా కోపానికి ఒక మనిషి ఉన్నాడు. ఇప్పుడు ఎవడూ లేడు. ఆ కోపంతో ఊళ్ళోకి వస్తే ఏం చేస్తానో నాకే తెలియదు. కోర్టులో చెప్తాను. చేను చంపింది నేను, చెయ్యి నరికింది నేను అని.

ఆ ట్యాంకు పగలగొట్టి పాతరెయ్. గొడ్డలి సాన పట్టొద్దని అన్వర్‌కి చెప్పాను. బుడే మీద కేసు పెట్టకు. నీ చెయ్యి విరిగింది. అయినా పెట్టకు. నీ చేతికి కారణం బుడే కర్ర కాదు, నేను. శనగ వేసేటప్పుడు మన చేను వాళ్ళకి ఇచ్చెయ్. తీసుకోకపోతే బీడు పెట్టు. అమ్మ ఒప్పుకోదు. నువ్వు ఒప్పించు.

నగ్మాకి చెప్పే పాఠం నేను చెప్తాను, నువ్వు చెప్పు. చెయ్యి మొలవదని చెప్పు. విత్తనమే మొలుస్తుంది, నరికింది మొలవదని చెప్పు. ఏడుస్తుంది, కొరుకుతుంది, కొరకనీ. ఎందుకు నరికారని అడుగుతుంది. వాళ్ళ నాన్న ఏ తప్పూ చేయలేదని ముందు చెప్పు. తర్వాత మిగతాది చెప్పు. ఎవరు నరికారో దానికి తెలుసు.

ఆ పత్తి మొక్కని పీకనివ్వకు. నీళ్ళు దాన్నే పోయమను. కాయ పగిలి పత్తి తెల్లగా వస్తుంది, అప్పుడు వాళ్ళ నాన్నకి చూపించమను.

ఆ ఆట పిల్లలు మళ్ళీ ఆడితే, నజ్మీన్, ఉస్మాన్ వేషం ఆ పిల్లకి ఇవ్వకు. ఎవరికీ ఇవ్వకు.

అన్న